క్వయర్ గది: పాఠకుల ప్రశ్నలు

మా చర్చి క్వయర్ తాతల కాలం నుంచీ ఉంది. బీరువా సర్దుతుంటే గీతలు లేకుండా ఇంగ్లిషు అక్షరాలే ఉన్న పాటల కాగితాలు దొరికాయి. వాటిని చదవడం ఎలా? ఎప్పటివో తెలుసుకోవచ్చా? (మారేడ్‌పల్లి)

మీ చేతికి చిక్కింది టానిక్ సోల్ఫా. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో సారా గ్లోవర్ మొదలుపెట్టగా, జాన్ కర్వెన్ దిద్ది ఊరూరా వ్యాప్తి చేశాడు. మిషనరీల వెంట మన దాకా వచ్చింది. మామూలు అచ్చు అక్షరాలతోనే పని జరిగిపోతుంది కనుక ఖర్చు తక్కువ.

డి, ఆర్, ఎమ్, ఎఫ్, ఎస్, ఎల్, టి అంటే వరుసగా స రి గ మ ప ద ని. సరిగమలు నేర్చినవాళ్లే ఎక్కువ తప్పుతారు: ఎమ్ చూసి ‘మ’, ఎస్ చూసి ‘స’ అనేస్తారు. అక్కడ ఎమ్ అంటే గాంధారం, ఎస్ అంటే పంచమం. పైన ‘డో ఈజ్ జి’ అని ఉంటే జి స్వరమే షడ్జమం. నిలువు గీత తర్వాతి దెబ్బ బలమైనది, రెండు చుక్కల తర్వాతిది తేలిక. ఒంటి చుక్క దెబ్బను సగం చేస్తుంది, అడ్డగీత స్వరాన్ని సాగదీస్తుంది. అక్షరం పక్కన పైన చిన్న గీత ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రం.

కాలానికి ఆనవాళ్లు కాగితం మీదే వెతకండి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని ఉంటే 1947 సెప్టెంబరు 27 తర్వాతిదే, ఆ సంఘం పుట్టింది ఆ రోజే. వెల నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ తర్వాతిది, అణాల్లో ఉంటే చాలావరకు అంతకు ముందుది. పెన్సిలుతో రాసిన గుర్తులు చెరపకండి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో చెప్పేవి అవే. స్టేప్లర్ పిన్నులు మాత్రం తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది.

కీబోర్డు ఆపితే రెండో చరణానికే శ్రుతి దిగిపోతోంది. (తార్నాక)

కీబోర్డు మీద ఆనుకుని పాడే అలవాటే దీనికి మూలం. దిగేటప్పుడు మెట్టు మరీ పెద్దగా, ఎక్కేటప్పుడు చిన్నగా పడుతుంది. ఒకే స్వరం పదేపదే వచ్చే ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) వరసలోనూ జారుతుంది. ప్రాక్టీసులో ఆరంభ స్వరం ఒక్కటే ఇచ్చి ఆపేయండి, చరణం చివర మాత్రం సరిచూడండి. ముందు బాస్ (మగవాళ్ల కింది గొంతు) ఒక్కరే పాడి నిలబెట్టాక మిగతావాళ్లు చేరాలి. పాటను అరమెట్టు (కీబోర్డులో పక్క మీట దూరం) పైకి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడ నిలుస్తుంది. ఊపిరి చివరంటా వాడకుండా మధ్యలో వంతులవారీగా తీసుకోమనండి.

తెలుగు కీర్తనలకు నాలుగు గొంతులు కట్టవచ్చా? (అల్వాల్)

అన్నింటికీ వద్దు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి రాగతాళాలు పుస్తకంలోనే రాసి ఉంటాయి. గమకం (స్వరాన్ని ఊపి పాడటం) ఉన్నచోట రెండో గొంతు నిలకడగా నిలిస్తే రెండూ పాడవుతాయి.

శంకరాభరణం రాగంలోది అయితే నిరభ్యంతరంగా ప్రయత్నించవచ్చు, అది పాశ్చాత్యుల మేజర్ స్కేలే. మాయామాళవగౌళలో మూడో స్వరం దూరంలో రెండో గొంతు పెడితే స-గ, రి-మ, గ-ప, మ-ద, ప-ని, ద-స అన్నీ సరిపోతాయి. ని మీద రి పడ్డప్పుడే రెండు అరమెట్ల ఎడం మిగిలి చెవికి గుచ్చుకుంటుంది. అక్కడ రెండు గొంతులూ ఒకటే పాడాలి. హిందోళంలో పంచమమే లేదు, కాబట్టి శ్రుతిపెట్టెను స-మ కు మార్చండి. స-ప తో పాడితే ధైవతం ప పక్కన గీరుకుపోతుంది. ఇలాంటివాటికి ఒక్క గొంతు, వెనక శ్రుతి, చిన్నగా డోలక్ ఉంటే చాలు. పెద్ద క్వయర్ కాబట్టి నాలుగు గొంతులూ వినిపించాలన్న పట్టుదలే చాలా కీర్తనల్ని చెడగొడుతోంది.

ఇరవై మందిలో ఇద్దరే టెనర్లు (మగవాళ్ల పై గొంతు). (బోయిన్‌పల్లి)

మూడు గొంతుల కూర్పు ఎంచుకోండి: సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు), ఆల్టో, మగవాళ్లంతా కలిసి ఒకటి. ఎత్తు పాడలేని బాస్‌ని బలవంతాన టెనర్లో నిలబెడితే గొంతు బిగుసుకుని ఆ వరస మొత్తం పదునుగా అరుస్తుంది. ఆ ఇద్దరినీ చివర కాకుండా నడుమ నిలబెట్టండి.