నాయనమ్మ జ్ఞాపకాల పుస్తకం రాయబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మీ నాయనమ్మ, అంటే మా అక్కయ్య, సంవత్సరీకం నాటికి ఆమె జీవితం మీద ఒక చిన్న పుస్తకం వేయాలని పిల్లలంతా అనుకున్నారనీ, రాసే పని నీ మీద పెట్టారనీ తెలిసి సంతోషించాను. కందుకూరులో తెలుగు పంతులుగా చేసి విరమించిన తరువాత, చుట్టపక్కాల ఇళ్లలో ఇలాంటి సంస్మరణ పుస్తకాలు కొన్నింటిని నేనే దిద్ది అచ్చుకు పంపాను. వాటిలో చాలావాటికి పేరు మార్చి ఇంకొకరి ఫొటో అతికించినా తేడా తెలియదు. అన్నింటిలోనూ ఆమె అన్నపూర్ణే, ఓర్పులో భూదేవే, త్యాగమూర్తే. నీ పుస్తకం అలా కాకూడదంటే ఈ విశేషణాలను పక్కన పెట్టి, ఆమె ఏమి చేసిందో, ఏయే విషయాల్లో తన మాట నెగ్గించుకుందో రాయి. పెద్ద సంసారం ఈదిన ఆడమనిషి ఓర్పును మనవాళ్లు నోరారా మెచ్చుకుంటారు గాని, ఆమె తెలివిని లెక్కలోకి తీసుకోరు. మా అక్కయ్య విషయంలో అలా రాస్తే అబద్ధమవుతుంది.

వివరాల కోసం మొదట కొడుకుల దగ్గరికి వెళ్లకు. మీ నాన్నగానీ పెదనాయనలుగానీ రెండు మాటలు చెప్పేసరికి గొంతు పూడుకుపోయి "మా అమ్మ దేవత" అని ఊరుకుంటారు, దానితో నీ రాత ఒక్క వాక్యం కూడా ముందుకు సాగదు. కోడళ్ల దగ్గర కూర్చో. ఒకే వంటింట్లో ఏళ్ల తరబడి ఆమె పక్కన నిలబడి పనిచేసినది వారు. ఆమె కోపమూ పొదుపూ పక్షపాతమూ దగ్గరగా చూసినదీ వారే. అయితే "అత్తమ్మ ఎలాంటిది?" అని అడిగితే వారూ మర్యాదకు మంచిమాటే చెబుతారు. "చేపల పులుసు వండిన రోజు తలకాయ ముక్క ఎవరికి వేసేది?" అని అడిగి చూడు. నేను ఒకసారి అలాగే అడిగితే మీ పెద్దమ్మ చెప్పిన సంగతి ఇది. పులుసు ముందురోజు సాయంత్రమే మామిడికాయ ముక్కలు వేసి కాచి, రాత్రంతా కుండలోనే ఊరనిచ్చి, మర్నాడు వడ్డించేటప్పుడు తలకాయను ఇంటి యజమానికి కాక, కడుపుతో ఉన్న కోడలికో, పాలిచ్చే కోడలికో వేసేదట. అలాంటివారు ఎవరూ లేకపోతే పాలేరు గిన్నెలోకి పోయేదట. మా బావగారు ముఖం చిన్నబుచ్చుకున్న రోజులున్నాయట గాని, గరిటె మాత్రం ఆయన వైపు తిరగలేదట. ఇది తెలిశాక "అందరినీ సమానంగా చూసేది" అని రాయబుద్ధి కాదు. ఎవరికి అవసరమో వారి వైపే ఆమె మొగ్గేది, ఆ మొగ్గు వల్ల కొందరు నొచ్చుకున్నారు కూడా.

కోడళ్ల తరువాత ఇంటి బయటివారి దగ్గరికి వెళ్లు. పొగాకు ఇళ్లలో బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, మండే రోజులు ఎలా ఉండేవో నీ వయసువారికి తెలియదు. ఆకు కోసి మోసుకొచ్చేవారు, దాన్ని కర్రలకు కట్టే ఆడవారు, ఆ కర్రలను లోపల వరుస మీద వరుసగా ఎక్కించేవారు, ఆకు పండుబారి ఈనె దాకా ఎండడానికి పట్టే ఇంచుమించు వారం రోజులూ వేడి తగ్గకుండా, హెచ్చకుండా రాత్రింబవళ్లు పొయ్యి కనిపెట్టుకొని ఉండే మనిషి, వీరందరి తిండీ ఆమె చేతి మీదుగానే నడిచేది. పొయ్యి కాసే మనిషి నిద్రపోతే ఆ విడత ఆకంతా పాడవుతుంది గనుక, నడిరాత్రి అతనికి అన్నం ఇంకొకరి చేత పంపకుండా లాంతరు పట్టుకొని తానే వెళ్లేది. దాన్ని దయ అనుకొని రాస్తే సగమే రాసినట్లు. ఏడాది రాబడి ఆ పొయ్యి మీద ఉందని ఆమెకు బాగా తెలుసు. ఆకు కట్టిన ఆడవారిలో కొందరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. కూలి ఏ రోజున ఇచ్చేదో, ఎవరి పురిటికి ఏమి సర్దిందో, తిరిగి అడిగిందో లేదో వారు చెప్పాలి. వారి మాటల్లో చేదు ఉంటే అదీ రాసుకో.

తేదీల దగ్గర జాగ్రత్తగా ఉండు. ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి 1 అని ఉంది. తేదీ తెలియని పెద్దవాళ్లు ఎందరికో అందులో అదే పుట్టినరోజు, నమ్మి అచ్చు వేయకు. మా నాన్న పాత పంచాంగం అంచున "ఈశ్వర, మాఘ బహుళం" అని రాసిపెట్టాడు. ఈశ్వర నామ సంవత్సరం 1937 ఉగాదితో మొదలైంది, మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది గనుక ఆమె పుట్టినది 1938 మొదట్లో. పెళ్లి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లో. మిగిలిన వాటికి ఎవరినీ తేదీ అడగకు. దివిసీమ ఉప్పెనకు ముందా తరువాతా అని అడిగితే 1977 నవంబరుకు అటో ఇటో తేలుతుంది, రామారావు గెలిచిన ఏడా అంటే 1983 దొరుకుతుంది. దస్తావేజుల్లో ఊరు ఒకటే ఉండి జిల్లా మారుతూ ఉంటే కంగారు పడవద్దు. నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరు ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి పోయింది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు, 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. ఏ సంగతి రాస్తే అప్పటి జిల్లా పేరే రాయి.

ఆమె దైవభక్తి గురించి ఒక పేజీ తప్పదంటారు. మాలకొండ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు. ఆమె ఏ శనివారం ఎవరి కోసం కొండ ఎక్కిందో, ఎవరి తలనీలాలు మొక్కుకుందో కనుక్కొని ఆ వరుసలో రాస్తే, ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏ ఆపద వచ్చిందో దానంతట అదే తెలుస్తుంది. కాన్పులు ఎనిమిది, నిలిచినవారు ఆరుగురు. వంశవృక్షంలో ఆ ఇద్దరు పసివాళ్లకూ చోటు పెట్టు. శుభమా అశుభమా అని పెద్దవాళ్లు సణిగితే నేను పెట్టమన్నానని చెప్పు.

ఇక మీ ఇంట్లో అందరూ దాటవేసే సంగతులు. దూబగుంట ఆడవారితో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో పల్లెపల్లెకూ పాకినప్పుడు మీ నాయనమ్మ ఊరేగింపులో నడవలేదు. సారా పాకకు స్థలం అద్దెకిచ్చిన మరిదిని ఇంటికి పిలిచి, ఆ పాక ఖాళీ అయ్యేదాకా అతని ఇంటి శుభకార్యానికి రానని చెప్పింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక ముందే ఖాళీ చేయించింది. రెండోది భూమి. 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. మీ మేనత్తలకు అప్పటికే పెళ్లిళ్లు కావడంతో ఆ సవరణ వారికి అక్కరకు రాలేదు. అయినా బావగారు పోయాక భాగాలు వేసుకున్నప్పుడు, ఆడపిల్లలకు చెరువు కింద మాగాణిలో కొంత రాస్తే తప్ప తాను సంతకం పెట్టనని ఆమె భీష్మించి కూర్చుంది. మీ పెదనాయనలలో ఒకరు ఇప్పటికీ దాని మీద గొణుగుతారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ దస్తావేజు నకలు తీసుకొని, తేదీ, విస్తీర్ణం చూసి, మెచ్చుకోలు గాని ఎత్తిపొడుపు గాని లేకుండా రెండు వాక్యాల్లో రాయి. అచ్చుకు ముందు ఇరుపక్షాలకూ చదివి వినిపించు, తీసేయమంటే మాత్రం ఒప్పుకోకు.

ఆమె మాటలు ఎత్తి రాసేటప్పుడు బడి భాషలోకి మార్చకు. "యాడికి పోతుండావు నాయనా, రెండు ముద్దలు తిని పో" అన్నదాన్ని "ఎక్కడికి వెళ్తున్నావు" అని దిద్దితే మనవళ్లే గుర్తుపట్టరు. ఫొటోల కింద పేర్లు ఇప్పుడే రాయించు, గుర్తుపట్టేవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. అక్షరాలు పెద్దవిగా వేయించు, చదివేవారిలో ముసలివాళ్లే ఎక్కువ. ఆమె పుట్టింటి కాలం గురించి నేను రాసి పంపుతాను, దాన్ని కూడా మొహమాటం లేకుండా కత్తిరించు. కోడళ్ల దగ్గర రాసుకున్న నోటుపుస్తకం సంక్రాంతి లోపల నాకు పంపితే, ఎవరిని ఏమి మళ్లీ అడగాలో అంచుల్లో రాసి తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
తాతయ్య