వెనక టైరు వెడల్పైతే పట్టు పెరుగుతుందా?

బైక్ టైర్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో అందరికీ పనికొచ్చేవి కొన్ని ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా బండికి వెనక 130/70-17 టైరు (వెడల్పు 130 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు) ఉంది. రిమ్ము వెడల్పు 3.5 అంగుళాలు. 140/70-17 వేయిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందంటున్నారు. వేయించమంటారా?

వద్దు. చూడ్డానికి బండి బలంగా కనిపిస్తుందేమో గానీ పట్టు మాత్రం పెరగదు.

టైరు రోడ్డును తాకే మేర ఎంతన్నది ప్రధానంగా ఆ చక్రం మీద పడే బరువూ, లోపలి గాలీ తేలుస్తాయి. వెనక చక్రం మీద 140 కిలోల బరువు పడుతోంది, గాలి 28 పీఎస్ఐ ఉంది అనుకుందాం. 28 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు. కాబట్టి రోడ్డును తాకేది సుమారు 70 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు టైరు వేసినా ఈ అంకె పెద్దగా మారదు. తాకే మచ్చ ఆకారం మారుతుంది, అంతే: అడ్డంగా కాస్త సాగి, పొడవులో తగ్గుతుంది.

రిమ్ము సంగతి ఇంకా ముఖ్యం. 140/70-17 టైరుకు సరైన రిమ్ము 4 అంగుళాలది. మీ 3.5 అంగుళాల రిమ్ము అనుమతించే హద్దుల్లో అడుగుది. దాని మీద ఎక్కిస్తే రెండు అంచులూ దగ్గరికి లాగబడి టైరు నడినెత్తి మొనదేలుతుంది. బండి నిటారుగా పోతున్నప్పుడు, బ్రేకు వేస్తున్నప్పుడు నేలను తాకేది ఆ మొనే. బాగా వంచినా అంచుల్లోని రబ్బరు రోడ్డుకు అందకపోవచ్చు. డబ్బు పెట్టి కొన్న వెడల్పు వాడకంలోకే రాదన్నమాట.

ఎత్తు కూడా లెక్క వేయండి. 130లో 70 శాతం 91 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 182. దానికి రిమ్ము వ్యాసం 431.8 (17 అంగుళాలు) కలిపితే మొత్తం వ్యాసం 613.8. అదే 140/70 అయితే 627.8. తేడా 14 మిల్లీమీటర్లు. అంటే వెనక ఇరుసు 7 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, ముందు ఫోర్కు ఆ మేరకు నిటారవుతుంది, గేరింగు రెండు శాతానికి పైగా బరువెక్కుతుంది, అంటే బండి లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు వెనక చక్రం నుంచో గేర్‌బాక్సు నుంచో కొలిచేదైతే అసలు వేగం కంటే తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. పైగా ఒకే మలుపు, ఒకే వేగం అయినా, వెడల్పు టైరున్న బండిని కాస్త ఎక్కువ వంచాలి. వంచినప్పుడు రోడ్డును తాకే చోటు బండి నడిగీత నుంచి మరింత పక్కకు జరగడమే దీనికి కారణం.

ఇవన్నీ తెలిసీ వేయించుకునేవాళ్లు చైనుకూ టైరుకూ, స్వింగ్ఆర్మ్‌కూ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) టైరుకూ మధ్య ఎడం చూడాలి. చైను అడ్జస్టర్ పూర్తిగా ముందుకు జరిపినప్పుడు ఒకసారి, వెనక్కి జరిపినప్పుడు ఒకసారి చూడాలి. వేగంలో టైరు కొంచెం ఉబ్బుతుందని మరిచిపోవద్దు. మీకు నిజంగా పట్టే కావాలంటే అదే 130/70-17లో మెత్తటి కాంపౌండు (రబ్బరు మిశ్రమం) టైరు తీసుకోండి. త్వరగా అరుగుతుంది, కానీ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

ప్రశ్న: మలుపులో వంచబోతే బండి మొదట మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా లోపలికి పడిపోతున్నట్టు ఉంటుంది. ట్రెడ్డు (రోడ్డును తాకే గాళ్ల రబ్బరు పొర) ఇంకా చాలా మిగిలే ఉంది. తప్పెక్కడ?

ముందు గాలి చూడండి. ముందు టైరులో గాలి తగ్గినా హ్యాండిల్ బరువుగా, మొండిగా ఉంటుంది. గాలి సరిగ్గానే ఉంటే వెనక టైరు నడుమ చదునైపోయి ఉంటుంది. తిన్నని రోడ్ల మీదే ఎక్కువ నడిపే బండికి ఇది మామూలే. నడుమ అరుగుతూ పోతుంది, పక్కలు కొత్తగానే ఉంటాయి. చదునుకూ పక్క వంపుకూ మధ్య గట్టు లాంటి అంచు తయారవుతుంది. వంచేటప్పుడు బండి ఆ అంచు ఎక్కడానికి మొరాయించి, దాటగానే జారినట్టు పడుతుంది.

పరీక్ష సులువు. ఒక చిన్న స్కేలు టైరు నడినెత్తిన అడ్డంగా ఆనించండి. కొత్త టైరుకు నడుమ కొద్ది చోటే ఆనుతుంది, అటూ ఇటూ ఖాళీ కనిపిస్తుంది. మూడు వేళ్ల వెడల్పున స్కేలు బల్లపరుపుగా కూర్చుంటే ఆ టైరు పనైపోయినట్టే. ట్రెడ్డు గాళ్లలో ఉండే అరుగుదల గుర్తు వరకూ ఆగనక్కర్లేదు. లోతు మిగిలినా ఆకారం పోయాక బండి సరిగ్గా తిరగదు. తిన్నని రోడ్లే ఎక్కువైతే ఈసారి నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు ఉండే డ్యూయల్ కాంపౌండు టైరు వేయించండి.

ప్రశ్న: ముందు టైరు కొత్తది వేయించిన దగ్గర్నుంచి బండి నెమ్మదిగా పోతున్నా ముందు భాగం ఎగిరెగిరి పడుతోంది. బ్యాలెన్సింగ్ చేయించాలా?

బ్యాలెన్సింగ్ లోపం ఎక్కువగా వేగం పెరిగాకే బయటపడుతుంది. నెమ్మదిలోనే ఎగురుతోందంటే టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోలేదేమో చూడాలి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద, రిమ్ముకు దగ్గరగా చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. రిమ్ము అంచుకూ ఆ గీతకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఎక్కడైనా గీత లోపలికి దిగి కనిపిస్తే అక్కడ అంచు ఎక్కలేదు. గాలి మొత్తం తీసి, ఆ చోట సబ్బునీళ్లు రాసి మళ్లీ గాలి పట్టించాలి. ఎక్కించేటప్పుడు తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు, ముఖం దగ్గరగా పెట్టకూడదు. తర్వాత మామూలు గాలికి తగ్గించాలి.

పనిలో పనిగా ఇంకో రెండు చూడండి. సైడ్‌వాల్ మీది బాణం చక్రం తిరిగే దిక్కునే ఉండాలి. ముందు చక్రానికి పెద్ద ఒత్తిడి బ్రేకు నుంచి వస్తుంది, వెనక చక్రానికి ఇంజను తోపు నుంచి. టైరు లోపలి అతుకులు, ట్రెడ్డు గాళ్లు దాన్ని బట్టే ఉంటాయి. టైరు మీద చిన్న రంగు చుక్క ఉంటే అది సాధారణంగా తేలికైన చోటుకు గుర్తు, వాల్వు దగ్గరికి రావాలి. ఇన్ని చేశాక బ్యాలెన్సింగ్. కొత్త టైరు కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టిగా వంచడం, గట్టిగా బ్రేకు వేయడం వద్దు. పైపొర నునుపు పోవాలి.

ప్రశ్న: నా దారిలో సగం తారు, సగం రాళ్లూ మట్టీ. పెద్ద గడుల ఆఫ్‌రోడ్ టైర్లు వేస్తే తారు మీద ఏం కోల్పోతాను?

చాలానే. గడులు ఎత్తుగా, విడివిడిగా ఉంటాయి కనుక తారు మీద వంచినప్పుడు ఒక్కో గడీ పక్కకు వంగుతుంది. హ్యాండిల్ తిప్పిన క్షణానికి కాక, కాస్త ఆగి బండి కదులుతున్నట్టుంటుంది. తడి తారు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, ఎందుకంటే నేలను తాకే రబ్బరే తక్కువ. వేగం పెరిగితే హోరు, కొన్ని బండ్లకు వెనక భాగం అటూ ఇటూ నెమ్మదిగా ఊగడం కూడా. సగం సగం వాడకానికి గడులు దగ్గరగా ఉండి, నడుమ దాదాపు వరుసగా సాగే రకం చాలు. బురద ఎక్కువైతేనే పెద్ద గడులు. మట్టిలో దిగేముందు గాలి తగ్గించేవాళ్లు తిరిగి తారు ఎక్కగానే నింపుకోవాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి లోపలి పొరలు ఊడతాయి.

ప్రశ్న: వెనక బయాస్ టైరు ఉంచి ముందు మాత్రం రేడియల్ వేయవచ్చా?

వేయకండి. బయాస్ టైరులో లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి, రేడియల్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా అడ్డంగా సాగుతాయి. ముందు బయాస్, వెనక రేడియల్ పెట్టి కంపెనీయే అమ్మే బండ్లు ఉన్నాయి, అది పరీక్షించి చేసిన జోడీ. తలకిందులుగా వేస్తే రెండు టైర్ల సైడ్‌వాళ్లూ వేరువేరుగా వంగి, వేగంలో, మలుపుల్లో బండి ఊగుతుంది.

ప్రశ్న: దూరం నడిపాక కొలిస్తే గాలి 4 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తోంది. తీసేయాలా?

తీయవద్దు. బండి మీదా పుస్తకంలోనూ ఇచ్చిన అంకె చల్లటి టైరుకు. కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన బండికి కొలవాలి. 30 పీఎస్ఐ దగ్గర టైరు 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర పీఎస్ఐ దాకా పెరుగుతుంది, కాబట్టి 4 పెరగడం సహజమే. వేడి మీద తీసేస్తే మర్నాటి పొద్దుటికి ఆ మేరకు తక్కువే ఉంటుంది. అయితే పెరుగుదల 6, 7 దాటిందంటే బయల్దేరేటప్పుడే గాలి తక్కువగా ఉందని, లేదా బరువు ఎక్కువైందని అనుమానించాలి. ఇద్దరు ఎక్కినా, సామాను కట్టినా వెనక టైరుకు పుస్తకం చెప్పిన రెండో అంకె పట్టించండి. కొలిచే గేజీ మీ దగ్గరే ఒకటి ఉంచుకోండి, పంపు గేజీలు ఒకదానికొకటి కలవవు.