టెక్ సందేహాలు: కారు తాగిన కరెంటెంతో మీటరునే అడగండి

ప్రశ్న: మాది రాయగడ. ఫిబ్రవరిలో టియాగో ఈవీ (కరెంటు కారు) కొన్నాం, 24 కిలోవాట్-అవర్ (అంటే 24 యూనిట్ల) బ్యాటరీది. ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకే ఛార్జింగ్ పెడుతున్నాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగుతుంది. కారు రాకముందు 180 యూనిట్లు వచ్చేది, మే బిల్లులో 390 వచ్చింది. శ్లాబు మారితే మొత్తం యూనిట్లకూ పెద్ద రేటే పడుతుందని మా బావమరిది టెన్షన్ పెడుతున్నాడు. కారుకు వేరే మీటరు తీసుకోవాలా?

జవాబు: మీ బావమరిది మాటతో మొదలుపెడదాం. ఒడిశాలో ఆ లెక్క లేదు. మొదటి 50 యూనిట్లకు మూడు రూపాయలకు అటూ ఇటూ, 51 నుంచి 200 దాకా ఐదు లోపు, 201 నుంచి 400 దాకా ఆరు లోపు, 400 దాటిన వాటికి ఆరుకు కాస్త పైన పడుతుంది. ఎన్ని వాడినా మొదటి 50 యూనిట్లు చౌక రేటులోనే ఉంటాయి. మీకు పెరిగిన 210 యూనిట్లలో 20 రెండో శ్లాబులోకి, 190 మూడో శ్లాబులోకి వెళ్లాయి. ఆ పెరుగుదల ఖరీదు దాదాపు 1,200 రూపాయలు.

అయితే ఆ 210 యూనిట్లూ కారే తాగిందంటే నేను నమ్మను. మీ కారు మన రోడ్ల మీద ఫుల్ ఛార్జింగ్‌తో సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే బ్యాటరీలోని యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లు. కానీ మీటరు నుంచి బ్యాటరీకి చేరేలోపు పది, పదిహేను శాతం వేడిగా పోతుంది. కాబట్టి మీటరు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వేసుకోండి. వెయ్యి కిలోమీటర్లకు 140 యూనిట్ల చిల్లర. మరి మిగతా 70? మే నెల గదండీ! ఒకటిన్నర టన్నుల ఏసీని రోజుకు రెండు గంటలు వేసినా నెలకు అంత అవుతుంది. బిల్లు మీద తేదీలు కూడా చూడండి, రీడింగు ముప్పై రోజులకు తీశారో నలభై రోజులకో.

తరచూ కొరాపుట్ వెళ్తుంటే ఇంకో సంగతి. సాలూరు వైపు నుంచి ఘాట్ ఎక్కితే దాదాపు 750 మీటర్ల ఎత్తు. ఆ ఎక్కుడుకే మామూలు ఖర్చు మీద మూడు యూనిట్లు అదనం. దిగేటప్పుడు బ్రేకింగ్‌తో కొంత వెనక్కి వస్తుంది గానీ మొత్తం రాదు.

ఇదంతా నా అంచనా. మీరు మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బ్యాటరీ సగం ఉన్నప్పుడు, ఒక్క గంట పాటు కారు ప్లగ్గు తప్ప ఇంట్లో అన్నీ ఆపేసి, ముందూ తర్వాతా మీటరు రీడింగు రాసుకోండి. రెండున్నర, మూడు యూనిట్లు తిరిగితే బాగున్నట్టే. బ్యాటరీ నిండబోయే ముందు ఈ పరీక్ష పెట్టకండి, అప్పుడు ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. గంటకు నాలుగు యూనిట్లు దాటితే మాత్రం మీటరును అనుమానించాల్సిందే. మీ దగ్గర కరెంటు పంపిణీ టీపీఎస్‌ఓడీఎల్‌ది కాబట్టి అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రీడింగు మీద ఫిర్యాదు వస్తే ఐదు రోజుల్లో అదనపు మీటరు బిగించి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

అడిగితే కారుకు విడి కనెక్షన్ ఇవ్వాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. కానీ యూనిట్‌కు అర్ధరూపాయి కలిసొచ్చినా 140 యూనిట్లకు మిగిలేది 70 రూపాయలు. రెండో మీటరు, వైరింగు, నెలవారీ ఫిక్స్‌డ్ ఛార్జీ తీరేదెప్పటికి? నేనైతే తీసుకోను. ఇదే వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలు కారైతే ఆరు వేలు దాటేదని మీ బావమరిదికి చెప్పండి.

ప్రశ్న: మేం పర్లాకిమిడిలో ఉంటాం. మాలాంటి ఈవీకే సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో మా పిన్ని కొడుకు మాకంటే ఎక్కువ కడుతున్నాడు. ఆ కారులో లోపమా?

జవాబు: కారుది కాదు, సరిహద్దుది. ఆంధ్రలో 2022లో ఖరారైన శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల దాకా ఆరు రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75. నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి కారు 140 కలిపితే మీ వైపు ఎనిమిది వందల లోపు పెరుగుతుంది, ఆ వైపు 1,100. సర్దుబాటు ఛార్జీలు దాని మీద అదనం. ఆదివారం మీ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు కారును ప్లగ్గుకు పెట్టుకుంటున్నాడేమో ఓ కన్నేయండి.

ప్రశ్న: జయపురంలో ఉంటున్నాం. ఛార్జింగ్ పెట్టిన గంటకే ప్లగ్గు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. పర్వాలేదా?

జవాబు: పర్వాలేదని అస్సలు అనుకోకండి. ఈ రాత్రి నుంచే ఆ ప్లగ్గు వాడటం ఆపండి. గీజరు పావుగంటలో ఆగిపోతుంది, కారు ఏడెనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. పాత సాకెట్టు అందుకు పనికిరాదు. మా ఇంట్లో స్కూటరు సాకెట్టు ఇలాగే కరిగి గోడంతా మసైంది. తప్పు నాదే, వదులైన సాకెట్టని తెలిసీ వాడాను. మెయిన్ బోర్డు నుంచి కారుకు ప్రత్యేకంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), మంచి కంపెనీ 16 ఆంప్స్ సాకెట్టు వేయించండి. ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఒక్క రోజుకు కూడా వద్దు.