మోడల్‌ని మార్చే ముందు ఆ రెండు వాక్యాలు మార్చండి

ప్రశ్న: ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌కి ఏఐ ఏజెంట్ తయారుచేశాను. దానికి ‘గెట్ డేటా’, ‘ఫెచ్ ఇన్ఫో’ అని రెండు టూల్స్ (అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) ఇచ్చాను. మొదటిది ఆర్డర్ స్థితి చెబుతుంది, రెండోది కస్టమర్ ఖాతా వివరాలు తెస్తుంది. “నా ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది?” అని అడిగితే ఒకసారి సరైన టూల్‌ని పిలుస్తుంది, ఇంకోసారి ఖాతా వివరాలు తెచ్చి ఏదో జవాబు అల్లేస్తుంది. లేని ఆర్డర్ నంబర్లు కూడా పుట్టిస్తోంది. ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్‌ని వదిలి ఇంతకంటే పెద్ద మోడల్‌కి మారాలని టీమ్ అంతా అంటోంది. మారమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు టూల్స్‌కి మీరు రాసి పంపిన వివరణలే చూద్దాం. ఒకదానికి ‘డేటా తెస్తుంది’ అని, రెండోదానికి ‘సమాచారం తెస్తుంది’ అని రాశారు. ఈ రెండింటికీ తేడా ఏమిటో నాకూ తెలియలేదు. మోడల్‌కి మీ కోడ్ కనపడదు. అది చూసేది టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్‌ల స్కీమా (ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్ (మోడల్ టూల్స్‌ని పిలిచే వీలు) తెచ్చినప్పుడూ అంతే, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ ఎంసీపీని (ఏఐకి టూల్స్‌ని కలిపే ఉమ్మడి పద్ధతి) ప్రకటించాకా అంతే. అందుకే ఎవరైనా టూల్ వివరణ చూడమంటే నేను కోడ్ తెరవను. వివరణ చదివి ఆ టూల్‌ని ఎప్పుడు వాడాలో చెప్పలేకపోతే వెనక్కి పంపేస్తాను.

మొదటి టూల్ పేరు ‘గెట్ ఆర్డర్ స్టేటస్’ అని, రెండోదాని పేరు ‘గెట్ కస్టమర్ ప్రొఫైల్’ అని మార్చి, మొదటిదానికి వివరణ ఇలా రాసి చూడండి: “ఒక ఆర్డర్ ప్రస్తుత స్థితిని, డెలివరీ అంచనా తేదీని ఇస్తుంది. కస్టమర్ తన పార్సిల్ ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో అడిగినప్పుడు వాడాలి. చిరునామా, ఫోన్ నంబర్ లాంటి ఖాతా వివరాలు ఇందులో రావు. వాటికి గెట్ కస్టమర్ ప్రొఫైల్ వాడాలి. ఆర్డర్‌ని మార్చదు, రద్దు చేయదు.” ఇందులో నాకు ముఖ్యమైనవి చివరి మూడు వాక్యాలు. టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో, అప్పుడు దేని దగ్గరికి వెళ్లాలో రాసేవాళ్లు తక్కువ. ఏజెంట్ ఎక్కువగా తడబడేది అక్కడే.

ఇక నంబర్లు పుట్టించడం. స్కీమాలో ఆర్డర్ నంబర్ తప్పనిసరి అన్నారు, ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేదు. తప్పనిసరి గడి ఖాళీగా కనపడితే మోడల్ ఏదో ఒకటి నింపేసే ప్రమాదం ఉంది. ఆ ఇన్‌పుట్ పక్కనే “కస్టమర్ చెప్పిన నంబరే ఇవ్వాలి. తెలియకపోతే కస్టమర్‌ని అడగాలి, ఊహించకూడదు” అని రాయండి. లాగిన్ అయిన కస్టమర్ ఇటీవలి ఆర్డర్ల జాబితా ఇచ్చే టూల్ ఒకటి చేర్చగలిగితే ఇంకా మంచిది. నంబర్ గుర్తున్న కస్టమర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి!

తేదీలకు రూపం చెప్పండి. 03/04 అంటే మార్చి 4 కావచ్చు, ఏప్రిల్ 3 కావచ్చు. 2025-04-03 అని రాస్తే ఆ గొడవ ఉండదు. నాలుగైదు విలువలే ఉండే చోట స్కీమాలో వాటి జాబితా ఇచ్చేయండి.

తప్పు జరిగినప్పుడు టూల్ తిరిగిచ్చే మాటనూ వివరణలో భాగంగానే చూడాలి. ‘ఎర్రర్ 400’ అని వస్తే ఏజెంట్ అదే నంబర్‌తో మళ్లీ కొట్టవచ్చు. “ఆర్డర్ నంబర్‌లో 8 అంకెలు ఉండాలి, ఇక్కడ 6 ఉన్నాయి, కస్టమర్‌ని మళ్లీ అడగండి” అని వస్తే దానికి దారి దొరుకుతుంది.

అలాగని వ్యాసాలు రాయొద్దు. మోడల్‌ని పిలిచిన ప్రతిసారీ సాధారణంగా ఈ వివరణలన్నీ దాని దగ్గరికి వెళ్తాయి, టోకెన్లు (మోడల్ చదివే మాటల ముక్కలు) ఖర్చవుతాయి. ‘అతి ముఖ్యం!!!’ అని నాలుగు చోట్ల అరిచినా లాభం లేదు. అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కాదు కదా.

రేపు ఆర్డర్ రద్దు చేసే టూల్ కూడా పెడతారనుకుంటాను. ‘అనుమతి లేకుండా వాడొద్దు’ అని వివరణలో రాసి ఊరుకోకండి. ఎంసీపీలో టూల్ డేటాను చెరిపేస్తుందా, కేవలం చదువుతుందా అని గుర్తు పెట్టే వీలుంది కానీ అవి సూచనలు మాత్రమే. తనిఖీ మీ సర్వర్ కోడ్‌లోనే ఉండాలి.

ఇవి సరిచేశాక కస్టమర్లు నిజంగా అడిగిన ప్రశ్నలతో పరీక్షించి, ఏ ప్రశ్నకి ఏ టూల్‌ని పిలిచిందో లాగ్‌లో (ఏజెంట్ చేసిన పనుల నమోదులో) చూడండి. ఏ టూలూ అక్కర్లేని ప్రశ్నలు కూడా కొన్ని కలపండి. “థ్యాంక్స్ అండీ” అన్నా టూల్‌ని పిలిచేస్తుంటే వివరణ ఇంకా వదులుగా ఉందన్నమాట. అప్పటికీ కుదరకపోతే అవే ప్రశ్నలతో పెద్ద మోడల్‌నీ పరీక్షించి, లాగ్‌లు టీమ్ ముందు పెట్టండి.

ప్రశ్న: టూల్ వివరణలు తెలుగులో రాయొచ్చా?

జవాబు: వివరణ రాయొచ్చు. పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ లాంటి కొన్ని గుర్తులతో ఉంటేనే చాలా ఏపీఐలు (మోడల్‌ని మీ ప్రోగ్రామ్ పిలిచే మార్గాలు) ఒప్పుకుంటాయి. తెలుగు లిపికి సాధారణంగా టోకెన్లు ఎక్కువ పడతాయి కాబట్టి టూల్స్ ఎక్కువుంటే వివరణ ఇంగ్లిష్‌లోనే ఉంచండి. కస్టమర్ తెలుగులో అడిగినా ఇంగ్లిష్ వివరణతో పని నడుస్తుంది. మీ కస్టమర్లు వాడే తెలుగు మాటలు ఒకటి రెండు అందులో ఉదాహరణగా చేర్చండి.