లైబ్రరీలు బిల్డ్‌లోనే కలిపి ఇవ్వాలా? నా అనుభవం

రైస్‌మిల్లు కాటా చీటీలు ప్రింటు చేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంకి ఇన్‌స్టాలర్ కడుతున్నానని, క్యూటీ (తెర మీద కిటికీలు, బటన్లు గీసేది), హార్ఫ్‌బజ్ (అక్షరాలు, ఒత్తులు సరిగ్గా కూర్చేది) లాంటి లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, అందులోనే కలపాలా, సిస్టంలో ఉన్నవి వాడాలా అని అడిగారు. మాది భీమవరం పక్క ఊరండి. రొయ్యల కొనుగోలు చీటీలకి ఇలాంటి ప్రోగ్రామే చాలాకాలంగా చూసుకుంటున్నాను. నా మాట: విండోస్‌కి కలపండి, లినక్స్‌కి వద్దు. కలిపినదానికల్లా పూచీ మీదే.

రొయ్యల పట్టుబడి తెల్లవారుజామున, చెరువుగట్టు మీద. కాటా పక్కన పాత ల్యాప్‌టాప్, సిగ్నల్ వస్తే వచ్చినట్టు. ఆ టైములో ఫలానా డీఎల్ఎల్ (విండోస్‌లో లైబ్రరీ ఫైలు) లేదని తెర మీద వస్తే తూకం ఆగిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఒక్క ఫైలుతోనే పని నడవాలి. అందుకే విండోస్‌కి కలపక తప్పదు.

కానీ నేను చేసిన తప్పు మీరు చేయకండి. చీటీని బొమ్మగా గీసే చిన్న లైబ్రరీని మా సోర్సులోకి తెచ్చుకుని, తెలుగు అక్షరాల కోసం అది హార్ఫ్‌బజ్‌ని పిలిచేలా నాలుగు లైన్లు మార్చాను. ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టలేదు. ఏడాది తర్వాత కొత్త వెర్షన్ తెచ్చి దాని మీద వేసేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకంటే వాటిలో పేర్లన్నీ ఇంగ్లీషువే. వారం తిరక్కుండా ఒక రైతు చీటీ పట్టుకొచ్చాడు. పేరులో ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయి కూర్చుంది. ‘ఏవండీ, నా పేరు ముక్కలైపోయిందేంటండీ? ఈ చీటీకి డబ్బులిస్తారా?’ అన్నాడు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలోలు, రేటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఆయన మొహంలో కంగారు నాకింకా గుర్తే.

అప్పట్నుంచి అసలు సోర్సు ముట్టుకోను. మా మార్పులు ప్యాచ్ ఫైళ్లుగా (ఏ లైను ఎలా మార్చామో రాసినవి) వేరే ఫోల్డర్లో ఉంటాయి. వెర్షను, ఎక్కణ్ణుంచి తెచ్చాం, షా-256 (ఫైలు మారలేదని సరిచూసుకునే గుర్తు), లైసెన్సు ఒకే ఫైల్లో రాసిపెడతాను.

రెండో దెబ్బ 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ రకం బొమ్మలు చదివే లైబ్రరీ లిబ్‌వెబ్‌పీలో పెద్ద భద్రతా లోపం బయటపడ్డప్పుడు. మా చీటీల్లో వెబ్‌పీ బొమ్మే లేదు. అయినా క్యూటీ ఇమేజ్ ప్లగిన్లతో పాటు దాని కాపీ మా ఇన్‌స్టాలర్లోకి వచ్చేసింది. సిస్టం లైబ్రరీ కాలువ నీరులాంటిది, పైన బాగుచేస్తే శివారు దాకా అందుతుంది. కలిపి ఇచ్చింది చెరువు నీరు, మనం మారిస్తేనే మారుతుంది. లినక్స్ వాళ్లకి మామూలు అప్‌డేట్‌తో సరిపోయింది. మిగతావాళ్ల కోసం పెన్‌డ్రైవ్ పట్టుకుని కొట్టు కొట్టూ తిరిగాను. నెట్ లేదనే కదా కలిపి ఇచ్చాం, ఆ నెట్ లేకే దిద్దుబాటూ వాళ్లకి చేరదు. వాడని ప్లగిన్ అసలు పెట్టకండి.

లినక్స్ రకాల్లో డెబియన్ వాళ్లు ప్రోగ్రాంలో లైబ్రరీల సొంత కాపీలు వద్దంటారు. ఫెడోరా 2015లో కాస్త సడలించింది గానీ, కలిపినదాన్ని ప్యాకేజీలో ప్రకటించాల్సిందే. కాబట్టి బిల్డ్ నడిపే సీమేక్‌లో ఒక ఆప్షన్ పెట్టి, లినక్స్‌లో సిస్టందే తీసుకునేలా చేయండి. డేటా దాచే ఎస్క్యూలైట్ ఒక్కటి వేరు, తయారుచేసినవాళ్లే ఒకే సీ ఫైలుగా కలుపుకోవడానికి ఇస్తారు, పైగా పబ్లిక్ డొమైన్, ఎవరైనా వాడుకోవచ్చు. క్యూటీని ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వాడుతుంటే విడి డీఎల్ఎల్‌గానే ఉంచండి, లైసెన్సు ప్రతి జతచేయండి.

మీ ధాన్యం చీటీల్లోనూ పేర్లు తెలుగులోనే ఉంటాయి కదా. ప్రతి బిల్డ్‌కీ ‘లక్ష్మి’ అని ఒక చీటీ తీయండి, తెర మీద కాదు, థర్మల్ కాగితం మీదే.