డ్రాగన్లు, రోబోలు, మీ ఉత్తరాలు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ గురించే వచ్చాయి. జవాబులకు ముందు ఒక మాట. నేను విమర్శకురాలిని కాను. ముప్పయ్యేళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్న మనిషిని, అంతే. నచ్చకపోతే యాభయ్యో పేజీలో మూసేస్తాను, ఎవరు రాసినా సరే.

ప్ర: ఈ అభిమానులంతా ఇప్పుడు ఏం చదువుతున్నారు? నేను కొత్త. ఎవరిని అడిగినా పది భాగాల సిరీస్ చూపిస్తున్నారు. భయమేస్తోంది.

జ: మా అభిమానులకున్న జబ్బే అది. కొత్తవాళ్లు దొరికితే వాళ్లకి పనికొచ్చేది వదిలేసి, మాకు ఇష్టమైనది అంటగడతాం. నేనూ మా చెల్లికి మొట్టమొదట 'డ్యూన్' ఇచ్చాను. వెనక ఉన్న పదకోశం చూసి "ఇది నవలా, సిలబసా?" అని మర్నాడే తిరిగిచ్చేసింది. 2021లో సినిమా వచ్చాక తనే అడిగి పట్టుకెళ్లింది. ఇప్పుడు చాలామంది చదివే దారి కూడా ఇదే. తెర మీద చూస్తారు, ఆ తర్వాత పుస్తకం వెతుక్కుంటారు. 1965 నాటి 'డ్యూన్' మళ్లీ అందరి చేతుల్లోకి రావడానికి కారణం అదే.

మీ చేతికి మాత్రం మార్తా వెల్స్ రాసిన 'ఆల్ సిస్టమ్స్ రెడ్' (2017) ఇస్తాను. నూటయాభై పేజీలు, ఒక్క రాత్రి పని. అందులో కథ చెప్పేది సగం యంత్రం, సగం మనిషి అయిన ఒక కాపలా యూనిట్. తనను అదుపులో పెట్టే మాడ్యూల్‌ని తనే హ్యాక్ చేసుకుంటుంది. ఇక మనుషుల పని అయిపోయిందనుకుంటాం. అది మాత్రం దాదాపు 35 వేల గంటలు సీరియళ్లూ సినిమాలూ చూస్తూ గడిపేస్తుంది! సీరియల్ మధ్యలో ఎవరైనా పిలిస్తే దానికొచ్చే విసుగు అచ్చం మనదే. 2025లో టీవీకి కూడా వచ్చింది. ముందు పుస్తకమే చదవండి, ఆ గొంతు అక్షరాల్లోనే బాగుంటుంది.

ప్ర: అయిదు భాగాలు చదివాను. 2011 నుంచి ఆరోదాని కోసం ఎదురుచూపులే. పూర్తికాని సిరీస్ ఇక ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. సరైన పనేనా?

జ: పేరు రాయకపోయినా మీ కోపం 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ రాసిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మీదేనని తెలుస్తూనే ఉంది. అదే ఏడాది పాట్రిక్ రోత్‌ఫస్ అనే మరో ఫాంటసీ రచయిత సిరీస్‌లో రెండో భాగం చదివి, మూడోదాని కోసం నేనూ మీ పక్క వరుసలో నిలబడ్డాను. అయినా ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి.

రాబర్ట్ జోర్డన్ 'వీల్ ఆఫ్ టైమ్' మొదటి భాగం 1990లో వచ్చింది. పదకొండు భాగాలయ్యాక, 2007లో ఆయన పోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు ముందు ఏడుపొచ్చింది, వెంటనే "మరి కథ?" అనిపించింది, ఆ తర్వాత సిగ్గేసింది. జబ్బుతో ఉన్నప్పుడే ఆయన ముగింపు ఎలా ఉండాలో చెప్పి, నోట్సు వదిలి వెళ్లారట. ఆయన భార్య హ్యారియట్ మెక్‌డూగల్ ఆయన పుస్తకాలకి ఎడిటర్ కూడా. మిగిలింది రాయడానికి ఆవిడ బ్రాండన్ శాండర్సన్‌ని ఎంచుకున్నారు. ఒక్క పుస్తకం అనుకున్నది మూడయింది. చివరికి 2013 జనవరిలో పద్నాలుగో భాగంతో కథ ముగిసింది. గొంతు మారిన సంగతి తెలుస్తూనే ఉంటుంది. మ్యాట్ అనే పాత్ర జోకులు మరీను, ఎవరో మ్యాట్ చొక్కా తొడుక్కుని తిరుగుతున్నట్టుంటాయి. అయినా ఆఖరి అధ్యాయాన్ని కావాలనే నాలుగు రోజులు సాగదీసి చదివాను.

ఇంకో సంగతి కూడా చూడండి. సిరీస్ పూర్తయ్యాకే కొంటామని అందరూ కూర్చుంటే మొదటి భాగం అమ్ముడుపోదు. అమ్మకాలు లేని రచయిత రెండో భాగాన్ని ప్రచురణకర్త ఎందుకు వేస్తాడు? నిజంగా ఎదురుచూసే ఓపిక లేకపోతే ఏ భాగానికా భాగం ముగిసేవి చదవండి. టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్'లో 41 నవలలున్నాయి, వరసగా చదవక్కర్లేదు. 'గార్డ్స్! గార్డ్స్!'తో మొదలుపెట్టండి.

ప్ర: 'త్రీ బాడీ ప్రాబ్లమ్' వందో పేజీలో ఆగిపోయాను. పేర్లన్నీ కలిసిపోతున్నాయి.

జ: నేనూ మొదటిసారి అక్కడే ఆగాను. చైనీస్‌లో ఇంటిపేరు ముందొస్తుంది. యె వెన్‌జియె అంటే యె వారి అమ్మాయి అన్నమాట. షీ చియాంగ్ అనే పోలీసునే దా షీ అని కూడా పిలుస్తారు, అక్కడే నేను ఇద్దరనుకుని తికమకపడ్డాను. చివరి పేజీలో పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నాక బండి కదిలింది. ఇంగ్లీషు అనువాదంలో కథ మావో నాటి సాంస్కృతిక విప్లవం రోజులతో మొదలవుతుంది. చైనాలో వచ్చిన 2008 పుస్తకంలో ఆ భాగం మధ్యలో ఎక్కడో ఉండేది. అనువాదకుడు కెన్ లియు దాన్ని ముందుకి తెచ్చారు. ఆ భాగం మీరు దాటేశారు కాబట్టి కష్టమైన మెట్టు అయిపోయినట్టే. వీడియో గేమ్ అధ్యాయాలు అర్థం కాకపోయినా ముందుకెళ్లండి, తర్వాత వాటంతటవే తేలతాయి.

ప్ర: నేను రొమాంటసీ, అంటే ప్రేమకథ కలిసిన ఫాంటసీ, చదువుతాను. మా అన్నయ్య "అవీ ఒక పుస్తకాలేనా" అని నవ్వుతాడు.

జ: రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' ఒకసారి మీ అన్నయ్యకి ఇవ్వండి. రాత్రి రెండింటికి ఆయన గదిలో లైటు వెలుగుతూ ఉంటే ఏమీ అనకండి.

ప్ర: 'ది మార్షియన్'లో తుఫాను సైన్స్ ప్రకారం తప్పని విన్నాను. తప్పుల పుస్తకం చదవడం దండగ కదా?

జ: తప్పే. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన భూమ్మీది దాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అక్కడి గాలి రాకెట్‌ని పడదొయ్యలేదు. ఆ సంగతి రచయిత ఆండీ వీర్‌కి తెలుసు, ఆయనే ఒప్పుకున్నారు. కథానాయకుడు అక్కడ ఒంటరిగా మిగలాలి కాబట్టి ఒక్క అబద్ధం ఆడారు. ఆ తర్వాత బంగాళదుంపలకీ నీళ్లకీ ఎంత లెక్క కట్టారో చూశారా? ఆ ఒక్కదాన్నీ నేను క్షమించేశాను.

ప్ర: మీరేం చదువుతున్నారు?

జ: రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ రాసిన 'ది టెయింటెడ్ కప్'. 2025లో ఉత్తమ నవలగా హ్యూగో (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకిచ్చే) అవార్డు వచ్చింది. ఫాంటసీ లోకంలో డిటెక్టివ్ కథ. ఒక అధికారి ఒంట్లోంచి చెట్టు చీల్చుకుని పెరిగి చచ్చిపోతాడు. విచారణ చేసే అనా కళ్లకి గంతలు కట్టుకుని ఇంట్లోంచి కదలదు. చూసినదేదీ మర్చిపోని దిన్ అనే కుర్రాడు తిరిగొచ్చి అంతా అప్పజెబుతాడు. సగంలో ఉన్నాను, హంతకుడెవరో ఇంకా తెలీదు. తెలిసినవాళ్లు దయచేసి వచ్చే నెల దాకా ఉత్తరం రాయకండి.