బేసు అక్కడ అరువు, పాట ఇక్కడిది

ఉత్తర చెన్నైలో తెలుగువారు ఎక్కువగా ఉన్న ఒక ఔత్సాహిక బ్రాస్ బ్యాండుకు (ఇత్తడి ఊదుడు వాద్యాల బృందానికి) ఇంగ్లాండు నుంచి పిలుపు వచ్చింది. యార్క్‌షైర్‌లోని ఒక ఊరి బ్యాండు వారు పది రోజుల కచేరీ యాత్రకు ఆహ్వానించి, విట్ ఫ్రైడే (పెంతెకొస్తు పండుగ తర్వాతి శుక్రవారం) నాటి బ్యాండు పోటీలలో కూడా పాల్గొనమని కోరారట. ఆ బృందంలోనివారే ఈసారి నాలుగు ఉత్తరాలు రాశారు కనుక శీర్షిక మొత్తాన్ని వారి ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము 27 మందిమి. నాలుగు బేసులు (మంద్రస్థాయిలో పలికే పెద్ద ట్యూబాలు), వాటికంటే చిన్నవైన రెండు యూఫోనియంలు ఉన్నాయి. వీటన్నిటినీ విమానంలో తీసుకువెళ్ళడం ఎలా? (పెరంబూరు పాఠకుడు)

జవాబు: బేసులను ఇక్కడే వదిలి వెళ్ళండి. బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండులో ఊదేవారు 25 మంది, తాళవాద్యాలవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఈ కూర్పు అక్కడ ఏ ఊరికి వెళ్ళినా దాదాపు ఒక్కటే కాబట్టి, మీరు వాడే రెండు ఇ-ఫ్లాట్ బేసులు, రెండు బి-ఫ్లాట్ బేసులు మిమ్మల్ని పిలిచినవారి సాధన గదిలోనూ ఉంటాయి. బి-ఫ్లాట్ బేసు గొట్టాన్ని సాగదీసి కొలిస్తే సుమారు 18 అడుగులు ఉంటుంది. చాలా విమాన సంస్థలు ఒక్కో పెట్టెకు 23 కిలోల బరువు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు అని పరిమితి పెడతాయి. బేసు పెట్టె ఆ కొలతను సులువుగా దాటిపోతుంది. అందువల్ల ఈ వారమే ఆతిథేయులకు ఉత్తరం రాసి, వారు అరువిచ్చే బేసులకు మూడు వాల్వులా (స్వరం మార్చడానికి వేలితో నొక్కే మీటలు) నాలుగు వాల్వులా, మౌత్‌పీస్ కాడ ఏ కొలతదో అడిగి తెలుసుకోండి. మూడు వాల్వులకు అలవాటుపడిన చేతికి నాలుగో వాల్వు కొత్త గనుక ఆ సాధన ఇప్పటినుంచే జరగాలి. మౌత్‌పీస్ మాత్రం ఎవరిది వారే తీసుకువెళ్ళాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఒక అంచుకు అలవాటైన పెదవి పది రోజుల్లో మరొక అంచుకు కుదురుకోదు.

చిన్న వాద్యాలైన కార్నెట్లు, ఫ్లూగల్‌హార్న్ మీతోపాటు విమానం లోపలికి తీసుకువెళ్ళడానికి విమాన సంస్థ నుంచి ముందుగానే రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి. యూఫోనియంలు, ట్రాంబోన్లు గట్టి పెట్టెల్లో సామానుతో వెళ్ళవచ్చు. అయితే మౌత్‌పీస్ తీసి విడిగా గుడ్డలో చుట్టండి, వాద్యం విచ్చుకున్న నోటి (బెల్) లోపల మెత్తటి బట్టలు కూరండి, పెట్టెలో వదులుగా ఒక్క వస్తువును కూడా ఉంచకండి. మా బృందం మొదటిసారి విదేశానికి వెళ్ళినప్పుడు, కవాతులో కాగితాలు పట్టించే చిన్న ఇనుప క్లిప్పు నా యూఫోనియం పెట్టెలోనే ఉండిపోయింది. దిగి తెరిచి చూస్తే రెండో వాల్వు గోడ మీద గోరంత నొక్కు పడింది. వాల్వులోని పిస్టన్ నొక్కితే కిందికి దిగేది, పైకి వచ్చేది కాదు. ఆ సాయంత్రం కచేరీ సాంతం ఆ పిస్టన్‌ను ఎడమ చేతి వేలితో పైకి లాగుతూ ఊదాను. ఆ క్లిప్పు ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

వాద్యాల జాబితా ఒకటి తయారు చేసుకోండి. సీరియల్ నంబరు సాధారణంగా రెండో వాల్వు మీద చెక్కి ఉంటుంది. బయలుదేరే రోజు విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి వాద్యాలను చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి వచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు. వీసా దరఖాస్తుతో జతచేసే ఆహ్వానపత్రంలో మీరు ఔత్సాహికులనీ, పారితోషికం తీసుకోవడం లేదనీ స్పష్టంగా రాయించండి.

ప్రశ్న: మాలో సగం మంది రైల్వే ఉద్యోగులం. అక్కడ భోజనం, బస అంతా వారే చూసుకుంటామన్నారు. సెలవు చీటీ సరిపోతుందా? (విల్లివాక్కం పాఠకుడు)

జవాబు: సరిపోదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వోద్యోగులు విదేశాలలో విదేశీయుల ఆతిథ్యం స్వీకరించాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. శాఖాపరమైన అనుమతి దీనికి అదనం. టిక్కెట్లు కొనకముందే ఈ రెండు కాగితాలకూ దరఖాస్తు చేసుకోండి.

ప్రశ్న: అక్కడివారి ముందు వారి మార్చ్‌లే (కవాతు బాణీలే) వాయిస్తే మర్యాదగా ఉంటుందని కొందరు అంటున్నారు. మన పాటలు బ్రాస్ మీద తేలిపోతాయన్న భయమూ ఉంది. ఏ పాటలు ఎంచుకోవాలి? (వేపేరి పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న అడిగినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. 1855లో మొదలైన బ్లాక్ డైక్ బ్యాండు యార్క్‌షైర్‌దే. అంటే మీరు వెళ్తున్నది మార్చ్‌లు వింటూ పెరిగినవారి దగ్గరికి. వారికి వారి మార్చ్‌లే ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తే చప్పట్లు కొడతారు, మీరు తిరిగి వచ్చాక మరిచిపోతారు. ఒకటి రెండు చాలు.

మన పాటలు బ్రాస్ మీద తేలిపోతాయన్న భయం కొన్ని రాగాల విషయంలో నిజమే. తోడిలోని గమకాన్ని పిస్టన్ వాద్యం మీద పలికించబోతే స్వరం నలిగిపోతుంది, గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ట్రాంబోన్ మాత్రమే కొంత జారగలదు. శంకరాభరణం సంగతి వేరు. అది వారి మేజర్ స్కేల్‌తో కలిసే మేళకర్త రాగం. మీ సాధన గదికి పెద్ద దూరంలో లేని మణలిలో ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం కొంతకాలం నివసించింది. సెయింట్ జార్జి కోటలో బ్యాండు వాయించే బాణీలు విని దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటినే నొట్టుస్వరాలు అంటున్నాం. అంటే బ్యాండు నుంచి పుట్టిన పాటలు ఇవి. గమకాల బరువు లేని సూటి స్వరాలు కాబట్టి కార్నెట్ మీద ఎంతో హాయిగా పలుకుతాయి. ఇంగ్లాండు నుంచి మద్రాసుకు వచ్చిన బాణీలు రెండు శతాబ్దాల తర్వాత మన సాహిత్యంతో తిరిగి వెళ్ళడం కంటే ఆ సభకు తగిన కానుక నాకు తోచడం లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ‘సంతతం పాహి మాం’ బాణీ వారి జాతీయగీతానిదే. ముందుగా చెప్పకుండా మొదలుపెడితే సభంతా లేచి నిలబడుతుంది. కాబట్టి ఒకరు ముందుకు వచ్చి దీక్షితుల గురించి నాలుగు మాటలు చెప్పిన తర్వాతే ఊదండి.

రెండో పాటగా పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కదనకుతూహల కృతి ‘రఘువంశ సుధా’ తీసుకోండి. ఆయన ఇంటిపేరులా మారిన ఆ పట్నం మన చెన్నపట్నమే. ఆ రాగం ఆరోహణలో స్వరాలు మెట్లు దాటుతూ గెంతుతాయి. ఆ గెంతులు బ్యూగిల్ పిలుపులా వినిపిస్తాయి గనుక కార్నెట్లకు పండగ. దానికి బేసు వరుసను చాలా సాదాగా రాయించండి, అరువు వాద్యం మీద ఊదేవారు తడబడకుండా ఉంటారు. తాళానికి మన డోలు ఒకటి చేర్చండి. అది అక్కడ అరువు దొరకదు కాబట్టి, బేసుల వల్ల మిగిలిన బరువులో దాన్ని మోసుకువెళ్ళండి. చివరి అంశం మాత్రం రెండు బ్యాండులూ కలిసి వాయించండి, దాని స్వరాలు రాసిన కాగితాలను రెండు నెలల ముందే ఇచ్చిపుచ్చుకోండి.

ప్రశ్న: నేను కార్నెట్ ఊదుతాను, వయసు 19. అక్కడి చలిలో శ్రుతి దిగిపోతుందని విన్నాను. నిజమేనా? (కొళత్తూరు పాఠకుడు)

జవాబు: నిజమే బాబూ. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు తగ్గుతుంది, దానితో శ్రుతీ దిగుతుంది. కార్నెట్ చిన్నది కాబట్టి నీ ఊపిరికి త్వరగా వేడెక్కుతుంది, బేసుకు చాలా సేపు పడుతుంది. అందుకే చలిలో బ్యాండు మొత్తం సమంగా దిగదు, పై స్థాయి వాద్యాలవారికీ కింది స్థాయివారికీ మధ్య ఎడం ఏర్పడుతుంది.

విట్ ఫ్రైడే నాడు ఈ ఇబ్బంది బాగా తెలుస్తుంది. 1884 నుంచి జరుగుతున్న ఆ పోటీలు శాడిల్‌వర్త్, టేమ్‌సైడ్ ఊళ్ళలో ఆరుబయటే జరుగుతాయి. వీధి వెంట ఒక మార్చ్ ఊదుతూ నడవాలి, తర్వాత నిలబడి మరొకటి వాయించాలి, ఆ వెంటనే బస్సెక్కి పక్క ఊరికి పరుగెత్తాలి. న్యాయనిర్ణేత బ్యాండును చూడకుండా మూసిన గదిలో గాని, కారవాన్‌లో గాని కూర్చుని చెవితోనే మార్కులు వేస్తారు. మీ యూనిఫారం ఎంత మెరిసినా ఆయనకు తెలిసేది శ్రుతి ఒక్కటే.

మరో సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. బ్రిటిష్ బ్యాండులు 1960ల దాకా ఇప్పటి ప్రామాణిక శ్రుతి 440 హెర్ట్జ్ కంటే హెచ్చు శ్రుతిలో వాయించేవి. చెన్నైలో చర్చిల నుంచి, పాత బృందాల నుంచి చేతులు మారి వచ్చిన వాద్యాల్లో అలాంటివి ఇంకా ఉండవచ్చు. ట్యూనింగ్ స్లైడు పూర్తిగా బయటికి లాగినా 440కి దిగని వాద్యం ఉంటే దాన్ని ఈ యాత్రకు తీసుకువెళ్ళకండి.

విమానంలో గాలి పొడిగా ఉంటుంది, పెదవులు పగులుతాయి. తరచుగా నీళ్ళు తాగు. దిగిన రోజు పెద్ద పాటలు ముట్టకుండా, దీర్ఘ స్వరాలు మెల్లగా అరగంట ఊదు. పోటీ సాయంత్రం బస్సు దిగగానే వాద్యంలోకి చప్పుడు లేకుండా వెచ్చటి ఊపిరి వదులుతూ ఉండు. బేసువారు నీకంటే పది నిమిషాల ముందు మొదలుపెట్టాలి. మధ్యలో నీరు వదిలే మీట (వాటర్ కీ) తెరిచి చెమ్మ పోగొట్టు, వరుసలో నిలబడ్డాక ఒక్కసారి బేసువారితో శ్రుతి సరిచూసుకో.